పండగ ప్రయాణం, పొగమంచు: మాస్టారితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. సంక్రాంతికి సొంతూళ్లకు బయలుదేరేవాళ్ల కోసం ఈ కార్యక్రమం. ఆర్టీసీ డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమండి. మాది భీమవరం. భోగి ముందురోజు కారులో వెళ్తున్నామండి. నేను, మా ఆవిడ, పిల్లలు, మా నాన్నగారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, గంటకోసారి ఆపాలి, అదొకటి. పోయినేడు పొద్దున్నే బయలుదేరితే పంతంగి టోల్ దగ్గరే చుక్కలు కనిపించాయి. అందుకని ఈసారి రాత్రి రెండింటికే కదులుదామని. మా బావమరిదేమో పసుపు ఫాగ్ లైట్లు వేయించు బావా, మంచు ఏం చేస్తుంది అంటున్నాడు. వేయించమంటారా?

మాస్టారు: రెండింటికి కదిలితే సూర్యాపేట ఎన్నింటికి దాటుతారు?

కాలర్: నాన్నగారితో కదండీ, అయిదవుతుంది.

మాస్టారు: అంటే కోదాడ, నందిగామ మధ్యకి ఆరు. మంచు బాగా చిక్కగా ఉండే వేళకి, పొలాలూ చెరువులూ ఉన్న చోటికి సరిగ్గా చేరతారు. మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలో తేమ మంచవుతుంది. ఎండ తగిలితేగానీ విడిపోదు. పొద్దెక్కాక వెళ్లండి.

కాలర్: అది సరేనండి, లైట్ల సంగతి?

మాస్టారు: కారుతో వచ్చిన ఫాగ్ లైట్లుంటే వేసుకోండి, దాంతోపాటు లో బీమ్, అంటే కిందికి పడే లైటు. దూరానికి కొట్టే హై బీమ్ మాత్రం వద్దు. ఆ వెలుతురు మంచు మీద పడి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. 80 స్పీడులో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. 50 మీటర్ల దూరమే కనిపిస్తుంటే మీకున్నది రెండు సెకన్లు. కాలు బ్రేకు మీదికి రావడానికే ఒకటి పోతుంది. బావమరిది లైటు ఏం చేస్తుంది చెప్పండి?

కాలర్: ముందు ఏదో ఒక వోల్వో బస్సు పోతుంటుంది కదండీ. దాని వెనక లైట్లు పట్టుకుని...

మాస్టారు: అదే వద్దంటాను! ఆ బస్సుకి ముందర టెయిల్ లైటు లేని ట్రాక్టరుందో, ఆగిపోయిన లారీ ఉందో దాని డ్రైవరుకీ తెలీదు. ఆయన తప్పించినా మీరు తప్పించలేరు.

కాలర్: నాలుగు ఇండికేటర్లూ వేసుకుని మెల్లగా వెళ్తే?

మాస్టారు: శిక్షణలో వందసార్లు చెప్పిన మాట ఇది. అవి ఆగిన బండికి. నడిచే బండికి వేస్తే మీరు ఆగారో పోతున్నారో వెనకవాడికి అర్థం కాదు, పక్కకి తిరుగుతున్నా తెలీదు. ఆగాల్సొస్తే రోడ్డు అంచున ఆగకండి. పెట్రోల్ బంకులోకో ధాబాలోకో పూర్తిగా వెళ్లిపోండి. హైవే మీద బండి చెడిపోతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, అందరూ దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లండి.

కాలర్: సరేనండి. పోనీ రెండు కాకుండా మూడున్నరకి బయలుదేరితే?

మాస్టారు: (నవ్వి) బాబూ, మూడున్నరకి కదిలితే ఆ మంచు సూర్యాపేటలోనే ఎదురవుతుంది. ఏడింటికి కాఫీ తాగి బయలుదేరండి. టోల్ దగ్గర గంట పోతే పోతుంది. భీమవరంలో మీవాళ్లు చీకటి పడేదాకా ఎదురుచూస్తారు, ఏం కాదు.

కాలర్: మా ఆవిడా అదే అందండి.

మాస్టారు: మరి నాకెందుకు ఫోన్ చేశారు?

యాంకర్: థాంక్యూ అండి. విశాఖ నుంచి మేడమ్, చెప్పండి.

కాలర్: మా బాబు ఢిల్లీలో చదువుతున్నాడు. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వస్తాడు. అక్కడి మంచుకి రైలు మరీ ఆలస్యమైతే టికెట్ డబ్బులొస్తాయా?

మాస్టారు: రైలు మూడు గంటలు దాటి ఆలస్యమై, ప్రయాణం మానుకుంటే పూర్తిగా ఇస్తారమ్మా. కానీ అతను ఎక్కే స్టేషన్‌లో రైలు కదలకముందే టీడీఆర్, అంటే డబ్బులు వెనక్కివ్వమనే దరఖాస్తు, పెట్టాలి. కదిలాక లాభం లేదు. స్టేషన్‌కి వెళ్లేముందు రైలు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకోమనండి, చలిలో కూర్చోకుండా.

యాంకర్: తర్వాత గాజువాక.

కాలర్: సార్, ఫ్రెండ్స్ అందరం బైకుల మీద లంబసింగి. అక్కడ సూర్యోదయం చూడాలని రాత్రి పన్నెండుకి...

మాస్టారు: ఘాట్ చీకట్లో, మంచులో ఎక్కుతారా? ముందురోజు వెలుతురుండగా వెళ్లి అక్కడే పడుకోండి. పొద్దెక్కాక దిగండి.

కాలర్: రూములు దొరకవు సార్, అందుకే...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. ఆఖరి ఫోన్, మిర్యాలగూడ.

కాలర్: నమస్తే సార్. కారులో అందరం కూర్చుంటే లోపల అద్దానికి ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడుచుకుంటూ నడుపుతున్నా.

మాస్టారు: తుడుస్తూ నడపొద్దమ్మా. చలిగా ఉన్నా ఏసీ వేయండి, తేమని అదే లాగేస్తుంది. బయటి గాలి లోపలికి వచ్చేలా బటన్ మార్చి, గాలిని ముందద్దం మీదికి తిప్పండి. రెండు నిమిషాల్లో పోతుంది.

కాలర్: ఏసీతో పిల్లలకి జలుబు చేయదా సార్?

మాస్టారు: వేడి పెంచుకోండి, ఏసీ మాత్రం ఆపకండి.

యాంకర్: ధన్యవాదాలు మాస్టారు. ఇప్పుడు వార్తలు.