పోరంబోకు అంటే ఎవరిదీ కాదనా?

(చెన్నైలోని ఒక తెలుగు స్టూడియోలో పళ్ళికరణై చిత్తడి నేల మీద జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఒక న్యాయవాది, పక్షుల్ని గమనించే రిటైర్డ్ టీచరు, వేళచ్చేరి నివాసి ఒకరు, మాజీ కౌన్సిలర్ ఒకరు.)

సంధానకర్త: అందరికీ నమస్కారం. పళ్ళికరణైని కాపాడమని మనం ఓటేసి గెలిపించినవాళ్ళను ఎలా అడగాలి, ఏమని అడగాలి? ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. టీచర్ గారూ, పొద్దున కూడా వెళ్ళొచ్చారట?

టీచర్: వెళ్ళానమ్మా. ఆరింటికల్లా తొరైపాక్కం రోడ్డు పక్కన నిలబడ్డాను. జమ్ములోంచి ఊదారంగు నీటికోడి ఒకటి బయటికొచ్చింది. దాని ముక్కు నుదుటి దాకా ఎర్రగా ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి వేళ్ళతో జమ్ము కాడ పట్టుకుని, మనం చెరుకు ముక్క నమిలినట్టు నమిలింది. వెనకాలే నల్లటి పిల్లలు రెండు. వాటికి కాస్త అవతల ఒక లారీ ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు దించి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేకపోయాను, అదే బాధ.

సంధానకర్త: అక్కడ చెత్త పోస్తే అడిగేవాళ్ళు లేరన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది, లాయర్ గారూ?

న్యాయవాది: ఒక మాట నుంచి వచ్చింది. 'పోరంబోకు' అంటే మన ఇళ్ళల్లో తిట్టు. పనీపాటా లేనివాణ్ణి అంటాం. కానీ రెవెన్యూ లెక్కల్లో దానర్థం వేరు. శిస్తు వేయకుండా, ఎవరికీ పట్టా ఇవ్వకుండా, ఊరందరి వాడకం కోసం ఉంచిన నేల. చెరువు, వాగు, మేతబీడు, శ్మశానం అన్నీ అందులోకే వస్తాయి. శిస్తు రాలేదు కాబట్టి పనికిరాని నేల అనుకున్నారు. ఈ చిత్తడిని ఇక్కడి పాతవాళ్ళు కళువేలి అంటారు. ఒకప్పుడు సుమారు 5,000 హెక్టార్లు ఉండేదని లెక్క. ఇప్పుడున్నది అందులో చిన్న ముక్క. 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అన్న గుర్తింపు వచ్చింది, 1,247 హెక్టార్లకు. అందులో రిజర్వు అడవిగా గట్టి రక్షణ ఉన్నది సగానికి కాస్త ఎక్కువ. మిగతా దాంట్లోనే గొడవంతా.

నివాసి: గొడవ హెక్టార్లది మాత్రమే కాదండీ, నీళ్ళది. దక్షిణ చెన్నైలో దాదాపు 250 చదరపు కిలోమీటర్ల వాన నీరు చెరువు నుంచి చెరువుకు దిగి ఈ చిత్తడికే చేరుతుంది. ఒక్కియం మడువు అనే వాగు దాటి బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కణ్ణుంచి కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. మధ్యలో ఆగే చోటు లేకపోతే ఆ నీళ్ళు మా ఇంట్లో ఆగుతాయి. 2015 డిసెంబరులో స్విచ్ బోర్డు దాకా వచ్చాయి. సగం ఖాళీ అయిన గ్యాస్ సిలిండర్ తేలుతూ వచ్చి తలుపుకు కొట్టుకుంటుంటే, ఎవరో పిలుస్తున్నారనుకుని మా అమ్మ చీకట్లో 'వస్తున్నా, వస్తున్నా' అంది. ఆ గొంతు నాకింకా వినబడుతుంది.

సంధానకర్త: కౌన్సిలర్ గారూ, ఇంత జరిగినా ఎన్నికైనవాళ్ళకు ఇది ఎందుకు పట్టదు?

మాజీ కౌన్సిలర్: పట్టదని కాదమ్మా. ఉన్నదున్నట్టు చెప్తాను. పదవిలో ఉన్నన్నాళ్ళూ వీధి దీపం వెలగలేదని, చెత్త బండి రాలేదని, డ్రైనేజీ పొంగిందని ఫోన్లు. చిత్తడి నేల గురించి అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్థలం కావాల్సినవాళ్ళు మాత్రం రోజూ వచ్చి ఎదురుగా కూర్చుంటారు. ఇంకో సంగతి. అనుమతి ఉందని నమ్మి, లోన్ తీసుకుని ఫ్లాట్ కొన్నవాళ్ళు ఉన్నారు. నెలనెలా ఈఎంఐ కడుతున్నారు. వాళ్ళను దొంగల్ని చూసినట్టు చూస్తే ఎలా?

న్యాయవాది: వాళ్ళను ఎవరూ అలా చూడకూడదు. అనుమతి ఇచ్చినవాళ్ళను అడగాలి. అందుకే ఇల్లు లేచాక కాదు, ఫైలు కదలకముందే అడగాలంటాను. 2025లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెప్పింది కూడా అదే. రామ్‌సర్ చోటు ప్రభావ పరిధి ఎంతో తేలేదాకా చుట్టూ ఒక కిలోమీటరులో కొత్త అనుమతులు ఆపమంది.

టీచర్: కోర్టు ఆపితే సంతోషమే. కానీ ప్రతిసారీ కోర్టే ఆపాలా? సూళ్ళూరుపేటలో రాజహంసల పండుగకు బస్సులు కట్టుకుని వెళ్తాం. పిల్లలకు చూపిస్తాం, ఫోటోలు దిగుతాం. అదే పక్షి ఇక్కడ పెరుంగుడి చెత్తకుప్ప పక్కన నీళ్ళలో దిగితే తల కూడా తిప్పం. మనకే పట్టనిది నాయకులకు ఎలా పడుతుందమ్మా?

సంధానకర్త: అడిగితే వింటారా అన్నది నా సందేహం. మన దగ్గర కొల్లేరు అనుభవం ఉంది కదా.

న్యాయవాది: కొల్లేరు తప్పక తెలుసుకోవాల్సిన కథ. 1999లో ప్లస్ అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ తర్వాత 2008లో, హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని అసెంబ్లీయే తీర్మానం చేసింది. అంటే గట్టిగా అడిగినవాళ్ళ మాట అసెంబ్లీ విన్నది. అడిగింది హద్దు కుదించాలనుకున్నవాళ్ళు. చెరువుల మీద బతికేవాళ్ళు తమ ఎమ్మెల్యేలను పట్టుకున్నారు, అది వాళ్ళ హక్కు. సరస్సు తరఫున అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు లేరు. ఆ తీర్మానం ఒక్కటే చాలలేదు, అది వేరే సంగతి. జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు లేకుండా అభయారణ్యం హద్దు మార్చడం చట్టప్రకారం కుదరదు.

సంధానకర్త: ఆ మండలిలో ఎవరుంటారు?

న్యాయవాది: జాతీయ మండలికి అధ్యక్షుడు ప్రధానమంత్రి. ముగ్గురు ఎంపీలు సభ్యులు. రాష్ట్ర మండలికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు, ముగ్గురు శాసనసభ్యులు ఉంటారు. అడవి శాఖ అధికారులదే పెత్తనం అనుకుంటాం గానీ, ఆ కుర్చీల్లో మనం ఓటేసినవాళ్ళే ఉన్నారు. 2017 చిత్తడి నేలల నిబంధనల కింద ముసాయిదా నోటిఫికేషన్ వస్తే అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజులు ఇస్తారు. ఆ అరవై రోజుల్లో రాసిన ఒక్క కాగితం, తర్వాత చేసిన ధర్నా కన్నా బరువు.

నివాసి: కాగితం సంగతి నన్ను చెప్పనివ్వండి. మొదటిసారి 'చిత్తడి నేలను కాపాడండి' అని మూడు పేజీలు రాసి ఒక ఆఫీసుకు తీసుకెళ్ళాను. ఆవేదనంతా కుమ్మరించాను. అక్కడున్నాయన చదవకుండానే పక్కన పెట్టి, రేపు రమ్మన్నాడు. రసీదు కూడా ఇవ్వలేదు. మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి అరపేజీ రాశాను. ఫలానా సర్వే నంబరు, ఫలానా తేదీన ఇన్ని లోడ్ల మట్టి పోశారు, దీనికి ఎవరి అనుమతి ఉంది? అంతే. రెండు కాపీలు. రెండో కాపీ మీద ముద్ర వేయించుకునేదాకా కదల్లేదు. పదిహేను రోజుల్లో నంబరుతో సహా జవాబొచ్చింది. ఆ మట్టి ఆగింది కూడా.

టీచర్: నిజంగా ఆగిందా?

నివాసి: ఆగిందండీ. ఆ ఒక్కచోటే. ఇప్పుడు ఎమ్మెల్యే గారికి ఒకటి రాశాను, జేబులో ఉంది.

సంధానకర్త: చదవండి.

నివాసి: 'అయ్యా, మా ఇల్లు మీ నియోజకవర్గంలోనే. రామ్‌సర్ హద్దులో ఉండి రిజర్వు అడవిలో లేని సర్వే నంబర్ల జాబితా ప్రభుత్వం దగ్గర ఉందా? ఉంటే అసెంబ్లీలో అడిగి బయటపెట్టించగలరా? 2017 నిబంధనలు వచ్చేనాటికి ముందు పదేళ్ళ వరద మట్టం సగటున ఎక్కడి దాకా వచ్చిందో, దానికి 50 మీటర్లలోపు శాశ్వత కట్టడం కూడదన్న నిబంధన మా వీధి పక్కన ఎక్కడి నుంచి లెక్కిస్తారో గుర్తు రాళ్ళు పాతించగలరా?' కింద మా వీధిలో నలభై ఒక్క ఇళ్ళవాళ్ళ సంతకాలు. ఫ్లాట్ల వాళ్ళు కూడా పెట్టారు.

మాజీ కౌన్సిలర్: ఫ్లాట్ల వాళ్ళు కూడానా?

నివాసి: నీళ్ళు వాళ్ళ పార్కింగ్‌లోకీ వచ్చాయి కదండీ.

టీచర్: గుర్తు రాళ్ళ మాట బాగుంది బాబూ. లారీవాడికి రేపు నేను చూపించడానికి ఒక రాయైనా ఉంటుంది.

మాజీ కౌన్సిలర్: ఆ కాగితం నాకివ్వండి. ఎమ్మెల్యే గారితో నాకు పరిచయం ఉంది, నేనే అందిస్తాను.

న్యాయవాది: ఎప్పుడు, కౌన్సిలర్ గారూ?

మాజీ కౌన్సిలర్: సోమవారం.

నివాసి: ఏ సోమవారం అండీ?

మాజీ కౌన్సిలర్: వచ్చే సోమవారమే. పొద్దున పదింటికి. మీరూ రండి, రెండో కాపీ మర్చిపోకండి.