నల్లబడిన కనెక్టర్

(ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో కొత్తగా చేరిన విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక విశ్రాంత శిక్షకుడు కర్నూలు జిల్లాలో చేసిన ప్రసంగం)

వేదికపై ఉన్న ప్రిన్సిపాల్ గారికి, నాతో కలిసి పనిచేసిన శిక్షకులకు, ఇవాళ ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన పిల్లలకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఈ ట్రేడులో రాబోయే ఉద్యోగాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తప్పకుండా మాట్లాడతాను. అయితే ఈ వర్క్‌షాపులో 31 ఏళ్లు నన్ను బాధపెట్టిన ఒక మాట ఉంది, దాని సంగతి తేల్చకుండా నేను ముందుకు పోలేను.

ఏటా అడ్మిషన్ల రోజున ఎవరో ఒక తండ్రి పిల్లవాడి ఎదుటే, "వీడికి చదువు అబ్బలేదు సార్, కనీసం ఇదైనా నేర్పించండి" అనేవారు. ఆ "ఇదైనా" చెవిన పడగానే పిల్లవాడు తల దించుకునేవాడు. ఆ తలను మళ్లీ ఎత్తించడానికి మాకు ఆరు నెలలు పట్టేది. ఇవాళ పొద్దున గేటు దగ్గర కూడా అదే మాట విన్నాను. అయ్యా, అమ్మా, మీకు చేతులెత్తి మొక్కుతాను, ఆ మాట ఇక అనకండి.

మన కర్నూలు, పక్కనున్న నంద్యాల జిల్లాల్లోని గని, శకునాల గ్రామాల చుట్టుపక్కల సుమారు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో, పగలు మిగిలిన కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదిలి విద్యుత్తు తీసే ప్రాజెక్టు వచ్చింది. 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాస్ అవసరం లేని విద్యుత్ సామర్థ్యాన్ని 5 లక్షల మెగావాట్లకు చేర్చాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. కానీ పెద్ద పార్కు కట్టడం పూర్తయ్యాక దాన్ని నడపడానికి కొద్దిమందే చాలు. మీకు నిలకడగా పని దొరికేది ఇళ్ల మిద్దెల మీద. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల మిద్దెల మీద సౌర పలకలు పెట్టించడానికి ఉద్దేశించినది, 3 కిలోవాట్ల ఏర్పాటుకు కేంద్రం ఇచ్చే రాయితీ 78,000 రూపాయలు. బిగించిన పలకలు పాతికేళ్లు ఉంటాయి. ఆ పాతికేళ్లూ ఎర్తింగ్ చూడడానికి, పలకల నుంచి ఒకే దిశలో పారే డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్‌ను మార్చడానికి, తీగల ఇన్సులేషన్‌ను మెగ్గర్ అనే మీటరుతో పరీక్షించడానికి మనిషి మిద్దె ఎక్కక తప్పదు.

ఆ మనిషికి పని రాకపోతే ఏమవుతుందో చూపించడానికే దీన్ని జేబులో వేసుకుని వచ్చాను. బొటనవేలంత ఉన్న ఈ నల్లటి ముక్క ఒకప్పుడు సౌర పలకల తీగలను కలిపిన కనెక్టర్. మిద్దె మీద వడియాలు ఎండబెట్టడానికి వెళ్లిన ఒక పెద్దావిడకు కాలిన వాసన వచ్చింది. కింద మెయిన్ స్విచ్ ఆపినా ప్రమాదం పోలేదు, ఎందుకంటే ఎండ ఉన్నంతసేపూ పలకల దగ్గరి తీగల్లో వోల్టేజీ ఉంటుంది. ఆ వీధిలోనే పనిచేస్తున్న నా పాత విద్యార్థి వచ్చి ఇన్వర్టర్‌ను ఆపి, డీసీ స్విచ్ తీసి, మీటరు పెట్టి కరెంటు ఆగిందని నిర్ధారించుకున్న తరువాతే కనెక్టర్‌ను విడదీశాడు. లోపల పిన్నును, దాన్ని తీగకు గట్టిగా నొక్కి బిగించే క్రింపింగ్ టూల్‌తో కాకుండా మామూలు కటింగ్ ప్లేయర్‌తో నొక్కి వదిలేశారు.

పిల్లలూ, ఇక్కడ కాస్త లెక్క వేయండి. ఆ తీగలో మండుటెండలో పారేది సుమారు 13 ఆంపియర్లు. వదులుగా ఉన్న ఆ అతుకులో అర ఓము నిరోధం ఉందనుకున్నా, 13ను 13తో, దాన్ని అరతో గుణిస్తే, అక్కడ 84 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మన వర్క్‌షాపులో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. పైగా అది డీసీ. ఇంట్లోని ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు వస్తుంది కనుక నిప్పురవ్వ ఆరిపోయే వీలుంటుంది. డీసీకి ఆ విరామం లేదు, రవ్వ పుట్టిందంటే మండుతూనే ఉంటుంది.

అవకాశాల గురించి చెప్పాల్సినవి మరికొన్ని రాసుకొచ్చాను, కానీ ఈ ముక్కను చేతిలోకి తీసుకున్నాక ఆ కాగితం చూడబుద్ధి కావడం లేదు. ఆ పిన్నును నొక్కిన కుర్రవాడు చెడ్డవాడు కాడు. క్రింపింగ్ టూల్‌ను అతని చేతికిచ్చి, "ఇలా నొక్కు, తరువాత లాగి చూడు" అని చెప్పినవారు ఎవరూ లేరు. కోటి మిద్దెలంటే అలాంటి అతుకులు ఎన్ని కోట్లో ఆలోచించండి. ఆ ఇంట్లో నిద్రపోయేవాళ్ల ప్రాణాలకు పూచీపడే చదువును "ఇదైనా" అని ఎలా అంటాం?

వెనుక వరుసలో ముగ్గురు ఆడపిల్లలు కనిపిస్తున్నారు. అమ్మా, మిద్దె ఎక్కే పని మీకెందుకని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. చదువు మధ్యలో మాన్పించబోయిన ఒక అమ్మాయి ఇంటికి నేను రెండుసార్లు వెళ్లి తండ్రిని బతిమాలాను, మూడోసారి వెళ్లలేదు. ఆ వెళ్లకపోవడం ఈరోజుకీ నన్ను తొలుస్తూనే ఉంది.

సోమవారం మీ మొదటి ప్రాక్టికల్‌లో క్రింపింగ్ నేర్పించమని మీ శిక్షకుణ్ణి అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. నేనూ వస్తాను. ఇప్పుడు ఈ ముక్కను ముందు వరుసలో ఇస్తున్నాను, ఒకరి తరువాత ఒకరు పట్టుకుని, లోపలి పిన్ను వేలితో తడిమి చూసి పక్కవారికి అందించండి. తల్లిదండ్రులు కూడా చూడాలి.