ధ్రువపు వేసవిలో నాలుగు రోజులు: స్వాల్బార్డ్ ప్రయాణానికి ముందు

శ్రోతలకు నమస్కారం.

మన ఊళ్లలో రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగిలే రోజుల్లో, స్వాల్బార్డ్ దీవుల్లో మంచు ఇంకా పూర్తిగా కరిగి ఉండదు. నార్వే ప్రధాన భూభాగానికి ఉత్తరాన, సముద్రం మధ్యలో ఉన్న ఈ దీవుల సముదాయం 74 నుంచి 81 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య విస్తరించి ఉంది. అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బియన్ జనాభా సుమారు 2,500. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం దాదాపు 1,300 కిలోమీటర్లు. ఇంత ఉత్తరాన ఉన్నా, రోజూ నడిచే విమానంలో మామూలు ప్రయాణికుడు చేరుకోగలిగిన చోటు ఇది. అందువల్లనే ఇటీవల యూరప్ వెళ్లే మనవారిలో కొందరు నాలుగైదు రోజులు మిగిల్చుకుని అక్కడికీ వెళ్లిరావాలని చూస్తున్నారు. వారికి ఉపయోగపడే కొన్ని విషయాలు ఈ ప్రసంగంలో చెబుతాను.

మొదటి ప్రశ్న ఎప్పుడు వెళ్లాలన్నది. పిల్లల బడి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి కాబట్టి, మే నెలాఖరున వెళ్దామనే ఆలోచన మనకు సహజంగా వస్తుంది. అయితే ఆ రోజులు అక్కడ అటూ ఇటూ కాని కాలం. మంచు మీద నడిపే స్కూటర్లకు తగినంత గట్టి మంచు ఉండదు, కాలినడకకు దారులు ఆరి ఉండవు, కొన్ని సముద్రపు పాయలలో మంచుగడ్డ ఇంకా తొలగిపోదు. నడకకు, పడవ ప్రయాణానికి అనువైన కాలం జూలై మొదలు ఆగస్టు మధ్య వరకు, అంటే ఇంచుమించు మన ఆషాఢ శ్రావణ మాసాలు. జూలైలో సగటు ఉష్ణోగ్రత 7 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీటి ప్రవాహం పడమటి తీరాన్ని తాకుతూ పోవడం వల్ల, అదే అక్షాంశంలోని ఇతర ప్రాంతాలకంటే ఇక్కడ చలి తక్కువ. ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు 22 ప్రాంతం వరకు సూర్యుడు అస్తమించడు. బడి పిల్లలున్న కుటుంబాలకు ఈ తేదీలు కుదరకపోవచ్చు. సెలవులు మేలోనే ఉన్నాయి కదా అని అప్పుడే బయలుదేరడంకంటే మరో ఏడాదికి వాయిదా వేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక కాగితాల సంగతి. మనవారు ఎక్కువగా పొరబడే అవకాశం ఇక్కడే ఉంది కనుక కాస్త వివరంగా చెప్పాలి. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ దీవులపై సార్వభౌమాధికారం నార్వేది. అదే సమయంలో, ఒప్పందంలో చేరిన దేశాల పౌరులకు అక్కడ సమాన హక్కులు కూడా లభించాయి. బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశం తరఫున కూడా ఆనాడు సంతకం జరిగింది. ఈ దీవుల్లో అడుగుపెట్టడానికి ఏ దేశపువారికీ వీసా అవసరం లేదు. ఈ మాట విని సంతోషించేవారు ఒక చిక్కును గమనించాలి. స్వాల్బార్డ్ నార్వేకు చెందినదే అయినా షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సముదాయంలో, భాగం కాదు, కానీ అక్కడికి వెళ్లే మామూలు విమానాలు నార్వే ప్రధాన భూభాగంలోని ఓస్లో నుంచి, ట్రోమ్సో నుంచి బయలుదేరతాయి, ఆ రెండూ షెంగెన్ ప్రాంతంలో ఉన్నాయి. కాబట్టి ఓస్లోలో దిగినప్పుడు ఒకసారి, దీవుల నుంచి తిరిగి వచ్చినప్పుడు మరొకసారి, మొత్తం రెండుసార్లు షెంగెన్‌లో ప్రవేశించినట్లు లెక్క. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే ఇచ్చిన వీసాతో వెళ్లినవారికి తిరుగు ప్రయాణం కష్టమవుతుంది. దరఖాస్తులోనే రెండు లేదా అంతకంటే ఎక్కువ ప్రవేశాలు కోరాలి, స్వాల్బార్డ్ వెళ్తున్నామని స్పష్టంగా రాయాలి, ఆ టికెట్లు జతపరచాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ఓస్లో నుంచి లాంగియర్‌బియన్‌కు నేరుగా వెళ్లే విమానం సుమారు మూడు గంటల్లో చేరుతుంది. విమానాల రాకపోకలు కొన్ని అర్ధరాత్రి దాటాక ఉంటాయి. ఎలాగూ పగలే కాబట్టి అక్కడివారికి అదేమీ వింతగా తోచదు. ఊరిలో బస చేసే గదుల సంఖ్య పరిమితం. అందుచేత విమానం టికెట్, గది, పడవ, ఈ మూడూ ఒకేసారి చూసుకుని, మూడూ దొరికే తేదీలు తేలిన తరువాతనే డబ్బు కట్టడం మంచిది.

నాలుగు రోజుల ప్రయాణంలో ప్రతి రోజునూ ఏదో ఒక కార్యక్రమంతో నింపాలనుకోవడం ఇక్కడ పనికిరాదు. పొగమంచు కమ్మినా, గాలి ఉధృతంగా వీచినా పడవ కదలదు, ఒక్కోసారి విమానమూ దిగదు. మీకు అన్నిటికంటే ఇష్టమైన పడవ ప్రయాణాన్ని, అక్కడికి చేరిన మరునాడే పెట్టుకోండి. అది రద్దయితే వెనుక ఇంకా రోజులు మిగిలి ఉంటాయి. చివరి రోజుకు అట్టిపెట్టుకున్నవారికి ఆ వెసులుబాటు ఉండదు. ఒక రోజును ఏ పనీ లేకుండా ఖాళీగా వదిలేయండి. ఒక ఊళ్లోనే బస చేసి, పగటి పడవలతో సరిపెట్టుకోవడం తక్కువ రోజులున్నవారికి తగిన పద్ధతి. దీవుల చుట్టూ తిరిగే ఓడ ప్రయాణాలకు వారం పైనే పడుతుంది, ఖర్చు కూడా చాలా ఎక్కువ.

ఆ దీవుల్లో ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు లేవు. లాంగియర్‌బియన్ చుట్టుపక్కల ఉన్న రోడ్లన్నీ కలిపితే సుమారు 40 కిలోమీటర్లు. ఊరు దాటే చోట ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో ఒక హెచ్చరిక పలక కనిపిస్తుంది, దానిపై ఈ హెచ్చరిక స్వాల్బార్డ్ అంతటికీ వర్తిస్తుందని రాసి ఉంటుంది. ఫొటో దిగడానికి అందరూ అక్కడ ఆగుతారు, కానీ ఆ పలక అలంకారానికి పెట్టినది కాదు. 2020 ఆగస్టులో విమానాశ్రయం పక్కనే గుడారాలు వేసుకునే స్థలంలో ఒక మనిషిని ఎలుగుబంటి చంపింది. జనావాసం దాటి వెళ్లేవారి దగ్గర ఎలుగుబంటిని బెదరగొట్టే సాధనాలు ఉండి తీరాలని చట్టం. తుపాకీ కూడా ఉండాలని గవర్నరు కార్యాలయం సూచిస్తుంది. తుపాకీ పట్టడం తెలియని మనబోటి వారు, ఆయుధం ఉన్న గైడు వెంట తప్ప ఊరి పొలిమేర దాటకూడదు. మరోవైపు, ఎలుగుబంటిని వెతుక్కుంటూ దగ్గరికి వెళ్లడం కూడా నేరమే. 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం దానికి కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 వరకు ఆ దూరం 500 మీటర్లు. కనుక దగ్గరి నుంచి ఎలుగుబంటిని చూపిస్తామనే ప్రకటన ఎక్కడైనా కనిపిస్తే దానిని నమ్మవద్దు. జింకలు, సముద్ర పక్షులు, అదృష్టం ఉంటే పొడవైన కోరలుండే వాల్రస్ అనే సముద్ర జంతువులు కనిపిస్తాయి. పొట్టి కాళ్ల స్వాల్బార్డ్ జింకలైతే ఊరి వీధుల్లోనే గడ్డి మేస్తూ తిరుగుతాయి.

పడవల్లో ఎక్కువమంది వెళ్లేది పిరమిడెన్ వైపు. సోవియట్ కాలపు బొగ్గుగని పట్టణమిది. 1998లో గని మూతపడ్డాక ఊరంతా ఖాళీ అయింది, లెనిన్ విగ్రహం మాత్రం ఇంకా నిలిచి ఉంది. ఆ ఊరి ఎదుట నోర్డెన్‌షోల్డ్ హిమానీనదం సముద్రంలోకి దిగుతుంది. ఉక్రెయిన్ యుద్ధం తరువాత కొన్ని పడవల వారు అక్కడ ప్రయాణికులను దించకుండా సముద్రం మీద నుంచే చూపించి తీసుకువస్తున్నారు, కనుక దించుతారా లేదా అన్నది టికెట్ కొనేముందే అడగాలి.

ఊరికి దగ్గరలో కొండలోకి తొలిచిన ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. 2008 ఫిబ్రవరిలో దానిని ప్రారంభించారు. లోపల మైనస్ 18 డిగ్రీల చలిలో ప్రపంచ దేశాల విత్తనాలను భద్రపరుస్తున్నారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరువులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలు కూడా ఆ కొండ కడుపులో ఉన్నాయి. సందర్శకులను లోపలికి రానివ్వరు, బయటి ద్వారం చూసి తిరిగి రావలసిందే. అయినా తెలుగువారు ఆ ద్వారం దాకా ఒకసారి వెళ్లి రావాలని నేనంటాను. భారతదేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి మాత్రం ఇంకా ఉత్తరాన నీ-ఓలెసున్‌లో ఉంది. 2008 జూలై 1న మొదలైన ఆ కేంద్రాన్ని చూడాలని మనసు లాగడం సహజమే. కానీ ఆ ఊరు పరిశోధకుల కోసం నడుస్తున్నది, అక్కడి సున్నితమైన పరికరాలకు అడ్డు రాకుండా ఫోన్ల వైఫై, బ్లూటూత్ కట్టివేయాలి. నాలుగు రోజుల్లో అక్కడికీ వెళ్లిరావాలని ప్రయత్నిస్తే మిగిలినవన్నీ పోతాయి.

సామాను విషయంలో, ఒక్క మందపాటి కోటుకంటే పొరలు పొరలుగా ఉన్ని బట్టలు, పైన గాలి, వాన చొరబడని అంగీ మేలు. నూలు బట్ట తడిస్తే త్వరగా ఆరదు కాబట్టి ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా చూసుకోండి. టోపీ, చేతి తొడుగులు జూలైలో కూడా కావాలి. వెలుతురులో నిద్ర పట్టనివారు కళ్లకు కట్టుకునే పట్టీ తీసుకువెళ్లాలి. అనేక హోటళ్లలో, మ్యూజియంలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి. బొగ్గు మసి లోపలికి రాకూడదని గని కార్మికుల కాలంలో మొదలైన ఈ అలవాటు మనవారికి ఏమీ కొత్త కాదు. శాకాహారులు హోటలు వారికి ముందే తెలియజేయాలి, ధరలు మాత్రం గుండె గుభేలుమనిపిస్తాయి. ఊళ్లో పెద్ద సూపర్‌మార్కెట్ ఒకటి ఉంది, గదిలో వంట వసతి ఉంటే ఖర్చు చాలా తగ్గుతుంది. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తీసుకురాకూడదు కనుక నేతి సీసా ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

ఆ ఊరి ఆసుపత్రి చిన్నది, పెద్ద జబ్బు చేస్తే రోగిని విమానంలో ట్రోమ్సోకు తరలిస్తారు. గుండె జబ్బు, ఆస్తమా వంటివి ఉన్నవారు మందులు రెండింతలు తీసుకువెళ్లాలి. బీమా స్వాల్బార్డ్‌కు వర్తిస్తుందో లేదో, అందులో అత్యవసర తరలింపు ఖర్చు ఉందో లేదో పత్రం చదివి చూసుకోవాలి. చివరగా, తిరుగు ప్రయాణంలో ఓస్లోలో దిగిన రోజే ఇండియా విమానం ఎక్కేలా టికెట్లు కొనవద్దు. మధ్యలో ఒక రాత్రి ఓస్లోలో ఉండేలా చూసుకుంటే, లాంగియర్‌బియన్‌లో పొగమంచు వల్ల విమానం ఆలస్యమైనా ఇండియా టికెట్ వృథా కాదు.

నమస్కారం.