ద హేగ్‌లో పిల్లలతో: మ్యూజియాలు, పార్కులు, బీచ్

సుధ: నమస్తే. ఈసారి నెదర్లాండ్స్‌లో ద హేగ్. రవీ, ఎద్దు సంగతి మొదట్లోనే ఎత్తకు.

రవి: ఎత్తను వదినా. కానీ మౌరిట్స్‌హౌస్ మ్యూజియం అంటే ఎద్దు బొమ్మే కదా!

సుధ: అయిపోయింది, మొదలెట్టాడు.

రవి: జనమంతా వెర్మీర్ గీసిన ముత్యం పోగు అమ్మాయి బొమ్మ ముందు ఫోన్లెత్తి నిలబడతారు. పౌలుస్ పాటర్ 1647లో వేసిన ఎద్దు దాదాపు నిజం సైజులో ఉంటుంది, వీపు దగ్గర ఈగలతో సహా. మా చిన్నది ఈగల్ని లెక్కపెడుతూ కదల్లేదు.

సుధ: సరే. తర్వాత పనోరమా మెస్‌డాక్, మన చుట్టూ గుండ్రంగా తిరిగే పెద్ద బొమ్మ. అదే డబ్బులు దండగ అన్నావు చూడు...

రవి: దండగే! ట్రామ్ ఎక్కితే అసలు సముద్రం. టికెట్ కొని బొమ్మ సముద్రం చూడటమేంటి?

సుధ: అది 1881 నాటి స్ఖెవెనింగెన్ రవీ, ఇక్కడి సముద్రతీరం. చుట్టూ 120 మీటర్లు, ఎత్తు 14. మధ్యలో ఇసుక దిబ్బ మీద నిలబడతాం. ముందు నిజం ఇసుక పోశారు, కాన్వాస్ కింది అంచు దాని వెనక దాగిపోతుంది. పై అంచుకి గొడుగులాంటి కప్పు అడ్డం. బొమ్మ ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు.

రవి: గాలి లేదుగా. ఉప్పు వాసన లేదుగా.

సుధ: ఒడ్డున లాగిపెట్టిన పడవలు చూశావా? అప్పటికి అక్కడ రేవే లేదు. అందుకే అడుగు బల్లపరుపుగా ఉండే పడవలు, సరాసరి ఇసుక మీదికి ఎక్కించేవాళ్లు. 1894 తుఫానులో బోలెడు విరిగిపోయాయి. 1904కి రేవు వచ్చింది, ఆ పడవల పని అయిపోయింది. నీ ట్రామ్ తీసుకెళ్లే బీచ్‌లో అవి కనిపిస్తాయా?

రవి: కనిపించవు. కానీ పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు. అమ్మ కూడా చెప్పులు విప్పింది.

సుధ: అత్తయ్య పనోరమాలోనూ విప్పబోయారు! నేనే ఆపాను.

రవి: (నవ్వు) ఆ మాట నాకు చెప్పలేదే!

సుధ: నువ్వు బయట కాఫీ తాగుతున్నావు, అలిగి.

రవి: అలగలేదు. ఎద్దుని 1795లో ఫ్రెంచ్ వాళ్లు పారిస్ ఎత్తుకుపోయారని చదువుతున్నా. 1815లో గానీ తిరిగి రాలేదు.

సుధ: మళ్లీ! మదురోడామ్ చెప్పు.

రవి: అదో బుల్లి బొమ్మల ఊరు, నెదర్లాండ్స్ కట్టడాలు 1:25 కొలతలో. మా వాడు విమానాశ్రయం దగ్గరే ఉండిపోయాడు. పేరు జార్జ్ మదురో అనే కుర్రాడిది, కరీబియన్ దీవి కురాసావ్‌లో పుట్టాడు. నాజీలను ఎదిరించాడు, 1945లో డకావ్ క్యాంపులో పోయాడు. ఒక్కడే కొడుకు. అమ్మానాన్నలు వాడి జ్ఞాపకంగా డబ్బిచ్చారు, 1952లో తెరిచారు.

సుధ: ...అత్తయ్య అది విని చాలాసేపు మాట్లాడలేదు.

రవి: ఊఁ.

సుధ: పార్కులు మిగిలాయి. క్లింగెండాల్ జపనీస్ తోట ఏడాదంతా తెరవరు. వసంతంలో కొన్ని వారాలు, ఆకులు రాలే కాలంలో కొద్ది రోజులు. చూసుకుని వెళ్లండి. వెస్ట్‌బ్రూక్‌పార్క్‌లో గులాబీలు...

రవి: పులిహోర డబ్బా అక్కడే కదా తెరిచాం?

సుధ: అట్లకాడ సంగతి ఎత్తావంటే రికార్డింగ్ ఆపేస్తా.

రవి: నేనేం అనలేదు. పక్క బెంచీ పెద్దాయన...

సుధ: ఆపేస్తున్నా.