కరెంటు తీగలోనే కబురు

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం చీకటి పడగానే అందరికీ ఒకేసారి కరెంటు కావాలి. అర్ధరాత్రి దాటితే అడిగేవాళ్లే ఉండరు. కరెంటును ధాన్యంలా గాదెలో పోసి దాచుకోలేం కదా! ఆ రెండు మూడు గంటల రద్దీ కోసం కొత్త ప్లాంట్లు కట్టాలి, లేదంటే కాసేపు ఆగినా ఫరవాలేని పనిని ఆపాలి. అలాంటి పని ఏముంది? లైటు ఆపితే గొడవే. వేడినీళ్ల ట్యాంకు సంగతి వేరు. దానికి మంచి పొర చుట్టి ఉంటే, రెండు గంటలు హీటర్ ఆపేసినా నీళ్లు వేడిగానే ఉంటాయి. స్నానం చేసేవాళ్లకు ఆ సంగతే తెలియదు.

మరి వేల ఇళ్లలోని హీటర్లకు ఆగమని చెప్పేదెవరు? ఇంటింటికీ ఇంకో తీగ లాగడం అయ్యే పని కాదు. అందుకే ఉన్న తీగలోనే కబురు పంపారు. దీన్ని రిపుల్ కంట్రోల్ అంటారు. న్యూజిలాండ్‌లో 1950ల నుంచీ నడుస్తోంది.

మామూలు కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు. సబ్‌స్టేషన్‌లో దాని మీద ఇంకాస్త వేగంగా ఊగే చిన్న అలను ఎక్కిస్తారు. ఫ్రాన్స్‌లో అది 175 హెర్ట్జ్, న్యూజిలాండ్‌లో చాలాచోట్ల 317. దాని బలం అసలు వోల్టేజీలో నూటికి ఒకటి రెండు వంతులు, అంతే. మీటరు దగ్గరి చిన్న రిసీవర్ ఆ ఒక్క అలకే స్పందిస్తుంది. ఆ అలను తెంపి తెంపి పంపుతారు, ఒక్కో తునకను పల్స్ అంటారు. మొదటి పల్స్ రాగానే రిసీవర్ సిద్ధమవుతుంది. ఆ తర్వాత లెక్క పెట్టుకుంటూ, తన వంతు వచ్చిన క్షణంలో పల్స్ ఉందా లేదా చూస్తుంది. ఉంటే స్విచ్ పడుతుంది. చిప్పులు లేని రోజుల్లో ఈ లెక్కంతా ఒక బుల్లి మోటారు, కొన్ని పళ్ల చక్రాలు చేసేవంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల ఈ అల 1050 హెర్ట్జ్. అది చెవికి వినపడే స్థాయే కాబట్టి, కబురు వెళ్తున్నంతసేపూ సీలింగ్ ఫ్యాన్లు సన్నగా కూనిరాగం తీస్తాయి. ఫ్యాను పాడైందేమోనని కంగారుపడే వాళ్లూ ఉంటారు!

ఇందులో లోపమూ ఉంది. కబురు వెళ్తుందే గాని జవాబు రాదు. ఏ ఇంట్లో స్విచ్ పడిందో, ఏ రిసీవర్ మూగబోయిందో కంట్రోల్ రూమ్‌కు తెలియదు. మొత్తం లోడు తగ్గితే పని జరిగిందనుకోవాలి. తిరిగి వేసేటప్పుడు ఇంకో చిక్కు. చల్లారిన ట్యాంకులన్నీ ఒక్కసారిగా ఆన్ అయితే కొత్త రద్దీ పుట్టుకొస్తుంది. అందుకే గుంపులుగా విడదీసి, ఒకదాని వెనక ఒకటి వేస్తారు.

మన రేడియోకూ ఈ కథలో చోటుంది. బ్రిటన్‌లో 1980ల నుంచి ఇలాంటి కబురును బీబీసీ లాంగ్ వేవ్ ప్రసారం మోసింది. 198 కిలోహెర్ట్జ్ మీద వార్తలు వింటున్న వాళ్ల చెవికి చిక్కకుండా, అదే తరంగం ఇళ్లలోని మీటర్లకు టైమ్ చెప్పేది.

సోలార్ పలకలు వచ్చాక లెక్క తిరగబడింది. ఆస్ట్రేలియాలో ఇప్పుడు మధ్యాహ్నం కరెంటు పొంగిపొర్లుతోంది. ఒకప్పుడు రాత్రిపూట మాత్రమే హీటర్లను వెలిగించిన ఆ పాత కబురే, ఇప్పుడు కొన్నిచోట్ల మిట్టమధ్యాహ్నం వెళ్తోంది.