చలికి ఆగే బండిని చలిల్నే చూడాలె

నమస్తే అన్నలు, అక్కలు. ఇగో ఈ బండి జమ్మికుంట నుంచి వచ్చింది. 2005 మోడల్, మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు, ఎంపీఎఫ్ఐ ఇంజన్, అంటే పెట్రోల్‌ను ఇంజెక్టర్లు కొడ్తయ్, కార్బొరేటర్ ఉండదు. పొద్దుగాల సెల్ఫ్ కొడితే టక్కున అందుకుంటదట. రివర్స్ ఏసి గేటు దాటేలోపల బంద్. మళ్ళ సెల్ఫ్, మళ్ళ బంద్. జర వేడెక్కినంక మాత్రం ఏం కానట్టే ఉరుకుతది. ప్లగ్గులు మార్చిండ్రు, ఎయిర్ ఫిల్టర్ మార్చిండ్రు, ఆఖరికి బ్యాటరీ గూడ మార్చిండ్రు. రోగం ఎక్కడిదక్కడ్నే ఉన్నది.

బ్యాటరీ ఎందుకు మార్చిండ్రో నాకైతే సమజ్ కాలే. సెల్ఫ్ మంచిగ తిరుగుతుంది, ఇంజన్ అందుకుంటుంది. అందుకున్నంక ఆగుడుకు బ్యాటరీని అనుమానపడుడు చివరి పని కావాలె, మొదటి పని కాదు.

అసలు తిరకాసు ఏందంటే, ఓనర్ బండిని నడుపుకుంట షెడ్డుకు తెస్తడు. హనుమకొండ చేరేసరికి ఇంజన్ వేడి మీద ఉంటది. మెకానిక్ బానెట్ లేపి వింటడు, ఐడిలింగ్, అంటే రేస్ ఇయ్యకుండ ఇంజన్ తిరుగుడు, మంచిగనే ఉంటది. ఇగ ఏం చేస్తడు పాపం, అందాజ మీద ఒక్కొక్కటి మార్చుకుంట పోతడు. గందుకే నేను ఈ బండిని రాత్రి షెడ్డుల్నే పెట్టించుకున్న. ఇప్పుడు పొద్దుగాల, మంచు ఇంక ఇడువలే. తాళంచెవి ఇంకా ఎవ్వరు తిప్పలే.

చలిల ఇంజన్‌కు రెండు కావాలె. ఒకటి, పెట్రోల్ ఎక్కువ కావాలె. చల్లటి ఇంజన్ల పెట్రోల్ పూర్తిగ ఆవిరి కాదు, కొంత మానిఫోల్డ్, అంటే ఇంజన్లకు గాలి పోయే పైపు, గోడలకే అంటుకుంటది. రెండోది, గాలి గూడ ఎక్కువ కావాలె, ఎందుకంటే ఆయిల్ చిక్కగుంటది, మామూలు ఐడిలింగ్ మీద ఇంజన్ తిరుగలేదు. పాత కార్బొరేటర్ (గాలి, పెట్రోల్ కలిపే డబ్బ) బండ్లల్ల ఈ రెండు పనులు చోక్ చేసేది. చోక్ గుంజితే గాలి తగ్గి పెట్రోల్ చిక్కబడ్తది, దాని లింకే థ్రాటిల్‌ను, అంటే రేస్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపును, గూడ జరంత తెరుస్తది. ఈ బండిల పెట్రోల్ ఎంత కొట్టాలెనో కూలెంట్ (ఇంజన్‌ను సల్లబరిచే నీళ్ళు) టెంపరేచర్ సెన్సర్‌ను చూసి ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, లెక్కగడ్తది. గాలిది ఐడిల్ ఎయిర్ వాల్వ్ చూసుకుంటది. రెండిట్ల ఏది పని చేస్తలేదో తెలుసుకునుడే మన పని.

షట్టర్ మొత్తం తెరిచిన. మీరు గూడ ఇంట్ల చేస్తే బండిని బయట పెట్టే చేయుర్రి, మూసిన జాగల పొగ ప్రాణం తీస్తది.

స్టార్ట్ చేస్తున్న. రేస్ మీద కాలు పెట్టలే. చూడుర్రి ఆర్‌పీఎం... పడిపోతుంది... బంద్. ఇప్పుడు మళ్ళ స్టార్ట్ చేసి రేస్ జరంత, వెంట్రుకంత, పట్టుకుంట. నిలబడ్డది. దగ్గు లేదు, మిస్సింగ్ లేదు, సాఫ్‌గ తిరుగుతుంది. గిదే నాకు కావాల్సింది. రేస్ పట్టుకుంటే సాఫ్‌గ నిలబడ్డదంటే పెట్రోల్ సరిపోతుంది, గాలికే కష్టమైతుంది. అదే రేస్ ఇచ్చినా దగ్గుకుంట, వెనక్కి కొట్టుకుంట ఆగిపోతే పెట్రోల్ దిక్కు చూడాలె, అంటే సెన్సర్, ఫ్యూయల్ ప్రెషర్, లేకపోతే ఎక్కడన్న పైపు పగిలి ఈసీఎం లెక్కకు రాని గాలి లోపలికి పోవుడు. రబ్బర్ పైపులు మన ఎండలకు గట్టిపడి చిట్లుతయ్. అనుమానముంటే చల్లటి ఇంజన్ మీదనే ఆ జాయింట్ల దగ్గర జర నీళ్ళు చిలుకరించుర్రి, ఐడిలింగ్ మారితే దొరికినట్టే. కొంతమంది దీనికి కార్బ్ క్లీనర్ కొడ్తరు. అది అంటుకునే సరుకు, నేనైతే వద్దంట.

సెన్సర్‌ను గూడ ఒకసారి కొలుద్దాం, మీటర్ చేతిలనే ఉన్నది. ఇంజన్ ఆపి, కనెక్టర్ పీకి, ఓమ్స్ మీద పెట్టిన. ఇసొంటి సెన్సర్లు ఇరవై డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓమ్స్ చూపెడ్తయ్. ఎనభై డిగ్రీలకు మూడు వందల ఓమ్స్ దగ్గరికి దిగుతయ్. ఇది చల్లటి లెక్కనే చెప్తుంది, పాస్. చెక్ ఇంజన్ లైట్ రాలేదు గదా, సెన్సర్ మంచిగనే ఉన్నదనుకోకుర్రి. సెన్సర్ తప్పు చెప్పినా ఆ తప్పు నమ్మేటట్టు ఉంటే లైట్ రాదు. డ్యాష్‌బోర్డ్ ముల్లును గూడ నమ్మకుర్రి, చాలా బండ్లల్ల దానికి వేరే సెన్సర్ ఉంటది.

ఇగ థ్రాటిల్ బాడీ విప్పినం. చూసిండ్రా, ప్లేట్ వెనుక ఎంత మసి! ఇంజన్ బ్రీతర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఏండ్ల తరబడి ఇక్కడ పేరుకుంటది. ఐడిల్ వాల్వ్ దారి సగం పూడుకపోయింది. బ్యాటరీ నెగటివ్ తీసి, క్లీనర్‌తోని బట్ట పెట్టి తుడిచినం. స్క్రూడ్రైవర్ పెట్టి గీకొద్దు, వాల్వ్ మొనను వేలితోని నొక్కొద్దు.

కథ ఐపోలే. బండిని చాలా సేపు నడిపించినా ముల్లు పైకి లేస్తలేదు. హౌసింగ్ తీసి చూస్తే లోపల థర్మోస్టాటే, అంటే ఇంజన్ వేడెక్కేదాక కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనియ్యని వాల్వే, లేదు! ఇది మన దగ్గర మస్తు చూస్తం. మే నెలల ఎండ నలభై ఐదు దాకా పోతది, బండి హీట్ అయితది, "వాల్వ్ పీకేస్తే సల్లగుంటది" అని ఎవరో పీకేస్తరు. హీట్‌కు అసలు కారణం రేడియేటర్ పూడుకపోవుడో, ఫ్యాన్ తిరుగకపోవుడో, అది అట్లనే ఉంటది. థర్మోస్టాట్ లేకపోతే కూలెంట్ మొదటి నుంచే రేడియేటర్‌ల తిరుగుతది, చలికాలంల ఇంజన్ తొందరగ వేడెక్కదు. ఈసీఎం ఇంజన్ ఇంకా చల్లగున్నదనుకొని పెట్రోల్ పోస్తనే ఉంటది. మైలేజీ పడిపోతది, ప్లగ్గులు నల్లబడ్తయ్. ఈయన ప్లగ్గులు మార్చింది గందుకే కావచ్చు. దానికి తోడు కూలెంట్ జాగల బోరు నీళ్ళు పోసిండ్రు, సున్నం గట్టి సెన్సర్ మొనకు గూడ తెల్లగ పట్టింది. ఆ మొనను సాఫ్ చేసి, కొత్త థర్మోస్టాట్ ఏసి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోసినం. చల్లారినంకనే క్యాప్ తీయాలె, మర్చిపోకుర్రి.

బండిని అప్పుడే ఇయ్యలే. ఇంకో రాత్రి షెడ్డులనే ఉన్నది. ఇగో, ఇది తెల్లారి తీసిన వీడియో ముక్క. స్టార్ట్... పద్నాలుగు వందల మీదికి ఎక్కింది, కాలు పెట్టలే, మెల్లగ దిగుకుంట తొమ్మిది వందల దగ్గర నిలబడ్డది.

కార్బొరేటర్ బండ్లు ఉన్నోళ్ళు అడుగుతరు, పెట్రోల్‌ల ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నరు గదా, దాంతోనేనా అని. కొంత నిజమే. అంతే గాలికి ఇథనాల్ పెట్రోల్ కన్నా ఎక్కువ పోయాలె, ఆవిరయ్యేటప్పుడు వేడి గూడ ఎక్కువ గుంజుకుంటది. కార్బొరేటర్‌కు ఆ లెక్క తెల్వదు, పాత జెట్‌తోనే, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంతోనే, పోస్తది, మిక్చర్ పలుచనైతది. అయినా ముందుగాల చోక్ కేబుల్ చూడుర్రి. నాబ్ గుంజితే బయటికి వస్తది, లోపల ప్లేట్ సగమే మూసుకుంటది. నిందంతా పెట్రోల్ బంక్ మీద పడ్తది.

ఎల్‌పీజీ కిట్ ఉన్నోళ్ళకు ఒక మాట. గ్యాస్ వేపరైజర్, అంటే ద్రవంగ ఉన్న గ్యాస్‌ను ఆవిరి చేసే డబ్బ, వేడెక్కేది కూలెంట్ తోనే. చల్లటి ఇంజన్‌ను గ్యాస్ మీద స్టార్ట్ చేస్తే వేపరైజర్ మీద మంచు గట్టి ఆగిపోతది. పెట్రోల్ మీద స్టార్ట్ చేసి, వేడైనంక గ్యాస్‌కు మార్చాలె. ఎప్పుడు గ్యాస్ మీదనే నడిపి, ట్యాంకుల నెలల కింది పెట్రోల్ లీటరుంటే అది తీసేసి కొత్తది పోసినంకనే షెడ్డుకు రండ్రి.