నైజీరియాలో నిజంగా ఎంతమంది ఉన్నారు?

నమస్కారం. ఈ రోజు చాలా మామూలుగా కనిపించే ఒక ప్రశ్న తీసుకుందాం. నైజీరియా జనాభా ఎంత?

ఫోన్‌లో వెతికితే క్షణంలో జవాబు వచ్చేస్తుంది. సుమారు 23 కోట్లు. భారత్, చైనా, అమెరికా, ఇండోనేషియా, పాకిస్తాన్ తర్వాత ప్రపంచంలో ఆరో స్థానం, ఆఫ్రికాలో మొదటి స్థానం. బాగానే ఉంది. కానీ ఆ దేశంలో ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టింది ఆఖరిసారి 2006 మార్చిలో. అప్పుడు తేలింది 14 కోట్ల 4 లక్షలు. అక్కడి నుంచి ఇప్పటిదాకా మనం చూస్తున్నదంతా ఆ పాత అంకెకు పుట్టుకలు కలుపుతూ, చావులు తీసేస్తూ వేసుకుంటూ వచ్చిన అంచనా. పైగా ఆ 2006 లెక్కనే నైజీరియాలో చాలామంది ఒప్పుకోలేదు.

సోషల్ మీడియాలో "నైజీరియాలో అంతమంది లేనే లేరు, అదంతా దొంగ లెక్క" అనే పోస్టులు తిరుగుతుంటాయి. లెక్క ఎందుకు తప్పిందో ఒక్క ముక్క చెప్పకుండా, ఒక దేశం మొత్తాన్ని అబద్ధాలకోరుగా చూపిస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. మనిషి తలకు డబ్బునీ, సీటునీ ముడిపెట్టాక ఏ దేశంలోనైనా ఇదే జరిగే ప్రమాదం ఉంది. నైజీరియాలో అది ఎలా జరిగిందో చూద్దాం.

ముందు 1929కి వెళ్దాం. అప్పటికి నైజీరియా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. ఆగ్నేయంలో, ఇగ్బో ప్రాంతంలో, ఒలోకో అని ఒక ఊరు. అంతకు కొన్నేళ్ల ముందు మగవాళ్లను లెక్కపెట్టారు. ఏదో ఊరికే రాసుకుంటున్నాం అన్నారు. తీరా 1928లో వాళ్ల మీద పన్ను పడింది. 1929 నవంబరులో ఒక మనిషి న్వాన్యెరువా అనే ఆవిడ ఇంటికి వచ్చాడు. ఆవిడ పామాయిల్ తీసే పనిలో ఉంది. నీ మేకలు ఎన్ని, గొర్రెలు ఎన్ని, ఇంట్లో మనుషులు ఎంతమంది, లెక్క చెప్పు అన్నాడు. ఆవిడకు విషయం అర్థమైపోయింది. "మీ అమ్మను లెక్కపెట్టావా?" అని నిలదీసింది. ఆ గొడవ ఊరు దాటింది. తాటాకుల్లాంటి పామ్ ఆకులు చేతులు మారుతూ కబురు పాకింది. వేలాదిమంది ఆడవాళ్లు కోర్టుల ముందు, వలస ప్రభుత్వం నియమించిన పెద్దల ఇళ్ల ముందు కూర్చున్నారు. డిసెంబరులో కాల్పులు జరిగాయి. 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. చరిత్రలో దీన్ని ఆబా మహిళల తిరుగుబాటు అంటారు.

1931లో దేశవ్యాప్తంగా జనాభా లెక్కలు మొదలుపెడితే, తూర్పున ఈ పన్ను గొడవల వేడి ఇంకా చల్లారలేదు. ఉత్తరాన మిడతల దండు పడితే సిబ్బంది అటు వెళ్లారు. లెక్క సరిగ్గా సాగలేదు. ఆ రోజుల్లో అందరి భయం ఒకటే: లెక్కలోకి వెళ్తే పన్ను కట్టాలి. అందుకని జనం దాక్కునేవారు. అంకెలు ఉన్నదానికంటే తక్కువ వచ్చేవి.

స్వాతంత్ర్యం వచ్చాక ఇది పూర్తిగా తలకిందులైంది.

1960 అక్టోబరు 1న నైజీరియా స్వతంత్ర దేశమైంది. అప్పుడు మూడు పెద్ద ప్రాంతాలు. ఉత్తరాన హౌసా, ఫులానీ ప్రజలు, ఎక్కువమంది ముస్లింలు. పడమట యోరుబా, తూర్పున ఇగ్బో. ఇవి పెద్ద సమూహాలు మాత్రమే, మొత్తం జాతులు 250కి పైనే, భాషలు 500 దాకా. 1952-53 లెక్కల ప్రకారం దేశ జనాభాలో సగానికి పైగా ఉత్తరంలోనే ఉన్నారు. దాని ఆధారంగా పార్లమెంటులో 312 సీట్లుంటే 174 ఉత్తరానికి వెళ్లాయి. అంటే దక్షిణం మొత్తం ఒక్కటైనా ఢిల్లీ పీఠం దక్కదన్నమాట. అక్కడి ఢిల్లీ అప్పట్లో లాగోస్.

ఇక 1962లో లెక్కలు అనేసరికి ఎవరూ దాక్కోలేదు. తూర్పున, పడమట నాయకులు ఊరూరా తిరిగి అందరూ రాయించుకోండి అన్నారు. పదేళ్లలో ఆ ప్రాంతాల జనాభా 70 శాతం పెరిగినట్టు అంకెలొచ్చాయి. ఉత్తరం 30 శాతం దగ్గరే ఆగింది. అంటే మొదటిసారి దక్షిణం ముందుకొచ్చింది. జనాభా లెక్కల బాధ్యత చూస్తున్న బ్రిటిష్ అధికారి వారెన్, తూర్పున కొన్నిచోట్ల అంకెలు పెంచి రాశారని తేల్చాడు. ఆయన పట్టుకున్న విధానం చూడండి: కాన్పుల వయసులో ఉన్న స్త్రీలు ఎంతమంది, అయిదేళ్లలోపు పిల్లలు ఎంతమంది అని పక్కపక్కన పెట్టాడు. అంతమంది తల్లులకు అంతమంది పిల్లలు పుట్టడం సాధ్యం కాదు. ఈలోగా ఉత్తరం వాళ్లు మళ్లీ సరిచూసుకుని, ఇంకో 85 లక్షల మందిని పొరపాటున వదిలేశాం అన్నారు. దాంతో ఉత్తరం మళ్లీ సగం దాటింది. ఆ లెక్క మొత్తం రద్దయింది.

1963లో మళ్లీ లెక్కపెట్టారు. 5 కోట్ల 56 లక్షలు అన్నారు. పదేళ్ల కిందట 3 కోట్లు ఉన్న దేశం, అంతలోనే 5 కోట్ల 56 లక్షలైందంటే ఏ జనాభా శాస్త్రవేత్తా నమ్మడు. అయినా అదే ఖరారైంది. తూర్పు ప్రాంత ప్రధాని మైకేల్ ఒక్పారా ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్తే, అది మా పరిధిలోకి రాదని కోర్టు చెప్పింది. ఆ తర్వాత 1966లో సైనిక కుట్రలు, ఉత్తరంలో ఇగ్బోల ఊచకోత, తూర్పు ప్రాంతం బియాఫ్రా పేరుతో విడిపోతే 1967 నుంచి 1970 దాకా అంతర్యుద్ధం. యుద్ధానికి జనాభా లెక్కలే కారణం అని నేను అనను. కానీ ఒకరి మీద ఒకరికి నమ్మకం పోవడంలో ఆ లెక్కల పాత్ర చిన్నది కాదు.

1973లో గోవాన్ సైనిక ప్రభుత్వం మరోసారి ప్రయత్నించింది. దాదాపు 8 కోట్లు, అందులో 64 శాతం ఉత్తరంలోనే అని వచ్చింది. 1975లో గోవాన్ పదవి పోయింది, కొత్తగా వచ్చిన మూర్తాలా మొహమ్మద్ ఆ లెక్కను రద్దు చేశాడు. తర్వాత 1991 దాకా మళ్లీ ఎవరూ ఆ జోలికి పోలేదు.

1991 లెక్క మాత్రం ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. అప్పటికి నైజీరియాలో 11 కోట్ల పైనే ఉంటారని అంతర్జాతీయ సంస్థలు రాసుకుంటున్నాయి. తీరా తేలింది 8 కోట్ల 89 లక్షలు. రెండు కోట్లకు పైగా మనుషులు కాగితం మీద నుంచి మాయమైపోయారు. ఆ ఏడాది చేసిన ఒక మార్పు ముఖ్యమైనది: మతం, జాతి అడగడం మానేశారు. 2006లోనూ అడగలేదు. మన తెలంగాణలో 2024లో ఇంటింటికీ వెళ్లి కులం అడిగి రాసుకున్నారు, దాని మీద ఎంత చర్చ జరిగిందో మనకు తెలుసు. నైజీరియాలో మతం కాలమ్ పెడితే లెక్కే సాగదని భయం. కాబట్టి ఆ దేశంలో ముస్లింలు ఎంతమంది, క్రైస్తవులు ఎంతమంది అని ఎవరైనా ఖచ్చితమైన అంకె చెబితే, అది జనాభా లెక్కల్లోంచి వచ్చింది కాదని గుర్తుపెట్టుకోండి. దాదాపు సగం సగం అనేది సర్వేల మీద వేసుకునే అంచనా.

ఇప్పుడు ఈ కథలో నాకు చాలా ముఖ్యంగా అనిపించే చోటుకొద్దాం. కానో, లాగోస్.

కానో ఉత్తరాన పాత వ్యాపార నగరం, దాని చుట్టూ అదే పేరుతో రాష్ట్రం. లాగోస్ దక్షిణాన సముద్రం ఒడ్డున, ఆఫ్రికాలోనే అతి పెద్ద నగరాల్లో ఒకటి. మన తెలుగువాళ్లు కూడా కంపెనీల్లో పనిచేస్తూ అక్కడ ఉంటున్నారు. 2006 లెక్కల్లో కానో రాష్ట్రం 94 లక్షలు, లాగోస్ రాష్ట్రం 91 లక్షలు అని వచ్చింది. లాగోస్ భగ్గుమంది. మేం సొంతంగా లెక్కపెట్టుకున్నాం, మా దగ్గర కోటి 75 లక్షల మంది ఉన్నారు అంది. అంటే దాదాపు రెట్టింపు! అప్పటి లాగోస్ గవర్నరు ఎవరో తెలుసా? బోలా టినుబు. 2023 మే నెల నుంచి దేశాధ్యక్షుడు ఆయనే.

ఇంత పట్టుదల ఎందుకు? చమురు డబ్బు. కేంద్ర ఖాతాలో పడిన ఆదాయాన్ని నెలనెలా రాష్ట్రాలకు పంచుతారు. పంచే సూత్రంలో 40 శాతం అన్ని రాష్ట్రాలకూ సమానంగా, 30 శాతం జనాభాను బట్టి. మిగిలింది విస్తీర్ణం, సొంత ఆదాయం లాంటి వాటికి. ప్రతినిధుల సభలో 360 సీట్లు కూడా జనాభాను బట్టే. స్థానిక ప్రభుత్వాల సంగతి ఇంకా చిత్రం. కానోకు 44 ఉన్నాయి, లాగోస్‌కు రాజ్యాంగం ప్రకారం 20. స్థానిక ప్రభుత్వాలకూ ఆ ఖాతాలోంచి విడిగా వాటా వెళ్తుంది కాబట్టి, అది కూడా డబ్బు తగాదానే.

మరి కానో నిజంగా అంత పెద్దదా? ఇక్కడ దక్షిణం వాళ్లు ఒక వాదన చేస్తారు. పశ్చిమ ఆఫ్రికాలో ఏ దేశం చూసినా తీరం వైపు జనం ఎక్కువ, ఎడారి వైపు తక్కువ, నైజీరియా ఒక్కటే తిరగబడి ఎందుకుంటుంది అని. వినడానికి బలంగా ఉంటుంది. కానీ మ్యాప్ దగ్గరగా చూస్తే అంత తేలిగ్గా నిలబడదు. సరిహద్దు అవతల నైజర్ దేశంలో కూడా, మరాడీ, జిండర్ ప్రాంతాల్లో, నైజీరియా సరిహద్దు వెంబడే జనం కిక్కిరిసి ఉంటారు. కానో చుట్టుపక్కల పొలాల మధ్య ఇళ్లు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయో భూగోళ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో రాస్తున్నారు. జననాల రేటు కూడా ఉత్తరంలో చాలా ఎక్కువ. కాబట్టి ఉత్తరంలో జనమే లేరు అనడం పొరపాటు. అదే సమయంలో ఉత్తరంలో పసిపిల్లల మరణాలు కూడా ఎక్కువ, అన్ని ప్రాంతాల నుంచీ లాగోస్‌కు వలసలు ఆగలేదు. ఇవన్నీ కలిపి చూస్తే లాగోస్ కంటే కానో పెద్దదనే మాట నాకు నమ్మబుద్ధి కాదు. 2023 ఎన్నికల ఓటర్ల జాబితాలో లాగోస్‌లో 70 లక్షలు, కానోలో 59 లక్షలు ఉన్నారు. కానోలో పిల్లల వాటా ఎక్కువ కాబట్టి ఓటర్ల సంఖ్య ఒక్కటే రుజువు కాదు. కానీ ఆలోచించాల్సిన అంకె.

లెక్కపెట్టే మనిషి కష్టం కూడా చెప్పాలి. ఉత్తరంలో చాలా ఇళ్లలో ఆడవాళ్లు పరదాలో ఉంటారు, దాన్ని హౌసాలో కుల్లే అంటారు. బయటి మగవాడు లోపలికి వెళ్లలేడు. గుమ్మం దగ్గర ఇంటి పెద్ద ఎంత చెబితే అంత రాసుకోవాలి.

2013లో జనాభా కమిషన్ చైర్మన్‌గా ఉన్న ఫెస్టస్ ఒడిమెగ్వు, గతంలో జరిగిన లెక్కలేవీ నమ్మదగ్గవి కావని బహిరంగంగా అన్నాడు. కానో గవర్నరు మండిపడ్డాడు. ఒడిమెగ్వు రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. తర్వాత 2023లో ట్యాబ్లెట్లతో డిజిటల్ లెక్కలకు అంతా సిద్ధం చేశారు. మే 3 నుంచి అనుకున్నారు. సరిగ్గా కొన్ని రోజుల ముందు, పదవి దిగిపోతున్న అధ్యక్షుడు బుహారీ, కొత్త ప్రభుత్వం చూసుకుంటుందని వాయిదా వేశాడు.

లెక్క లేకపోయినా సర్వేలున్నాయి. అవి మొత్తం చెప్పలేవు గానీ పోకడ చెబుతాయి. 2018 ఆరోగ్య సర్వేలో ఒక స్త్రీకి సగటున 5.3 మంది పిల్లలు. 2023-24 సర్వేలో 4.8. తగ్గుతోంది. కానీ సగటు చూసి మోసపోకూడదు. 2018లో ఉత్తరాన కట్సినాలో 7.3, లాగోస్‌లో 3.4. ఒకే దేశం, ఒకే జెండా. మన రెండు రాష్ట్రాల్లో ఇది 2 కంటే తక్కువ. 1988లో ప్రభుత్వం స్త్రీకి నలుగురు పిల్లలు చాలు అని విధానం పెట్టింది. గమనించండి, స్త్రీకి నలుగురు. నలుగురు భార్యలున్న మగవాడికి ఏ పరిమితీ లేదు. అప్పట్లోనే స్త్రీ సంఘాలు దీన్ని తప్పుపట్టాయి, నాకూ వాళ్ల మాటే న్యాయం అనిపిస్తుంది.

దేశంలో సగం మంది 18 ఏళ్ల లోపు వాళ్లే. 2050 నాటికి 41 కోట్లవుతారని ఐక్యరాజ్యసమితి 2017లో అంచనా వేసింది. 2024లో అదే అంచనాను సుమారు 36 కోట్లకు దించింది. అయిదు కోట్ల తేడా! అందుకే "నైజీరియా అమెరికాను దాటేస్తుంది" లాంటి శీర్షికలు చూసినప్పుడు, ఆ అంచనా ఏ ఏడాదిదో ఒకసారి చూసుకోండి.

దీనికంతా మూల్యం కట్టేది ఎవరు? పిల్లలు. ఒక జిల్లాలో ఎంతమంది పిల్లలున్నారో తెలియకపోతే టీకాలు ఎన్ని పంపాలో తెలియదు. పోలియోను తరిమే రోజుల్లో, ఉత్తర రాష్ట్రాల్లో చేతితో గీసుకున్న మ్యాపుల్లో లేని ఊళ్లు చాలా ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలు చూశాక బయటపడింది. ఆ ఊళ్లకు చుక్కల మందు చేరేది కాదు. మ్యాపులు మార్చారు, కార్యకర్తలు ఆ ఊళ్లకు నడిచారు. 2020 ఆగస్టులో ఆఫ్రికా ఖండం మొత్తం సహజ పోలియో నుంచి విముక్తి పొందినట్టు ప్రకటించారు. ఆ లెక్కకు సీటు రాదు, చమురు వాటా రాదు. పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవడమే పని, అందుకే అది కుదిరింది.

మనకు ఇది దూరపు కథ కాదు. లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1976లో రాజ్యాంగ సవరణతో 1971 లెక్కల దగ్గర ఆపేశారు, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని. 2021లో జరగాల్సిన మన లెక్కలు కూడా వెనక్కి జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను 2024లో ఎత్తేశారు. తలలకు సీట్లు ముడిపడినప్పుడు ప్రభుత్వాలు ఎలా ఆలోచిస్తాయో మన దగ్గరా కనిపిస్తోంది.

నైజీరియాలో కొత్త లెక్కలు ఎప్పుడు జరిగినా, అందరూ మొత్తం ఎన్ని కోట్లు అనే అంకె మీద పడతారు. మీరు మాత్రం వయసుల పట్టిక తెరవండి. కానోలో, లాగోస్‌లో కాన్పుల వయసు స్త్రీలు ఎంతమంది, వాళ్ల పక్కన అయిదేళ్లలోపు పిల్లలు ఎంతమంది అని చూడండి. పెద్దవాళ్ల పేర్లు ఎన్నైనా రాయించవచ్చు గానీ, ఆ రెండు వరసలు ఒకదానితో ఒకటి సరిపోయేలా అబద్ధం రాయడం చాలా కష్టం.